ఆయ్ అనని రోజు

"ఇంట్లో పనేముందమ్మా, ఉన్నది ముగ్గురం," అనేవారు అత్తగారు మాణిక్యమ్మ, కోడలు కృపావతి బోరింగు దగ్గర్నుంచి బిందె చంకనెత్తుకుని వస్తుంటే.

"ఆయ్," అనేది కృపావతి, చిత్తం అన్నట్టు. కాపరానికొచ్చిన కాణ్ణించీ ఆ ఇంట్లో ఆమె మాట అదొక్కటే. అంబులెన్సులో ఉద్యోగం ఆమెది; బండి దిగితే గొంతు చించుకుని జనాన్ని పక్కకి నెట్టే మనిషి, గుమ్మం దాటేసరికి ఆ రెండక్షరాల్లోకి ముడుచుకుపోయేది.

రాజోలు అవతల గోదావరి లంకల్లోకి బండి వెళ్లదు. నొప్పులొచ్చిన పిల్లయినా, కొబ్బరిచెట్టు మీంచి పడ్డ మనిషైనా, గట్టు వెంట స్ట్రెచరు మీద మోసుకురావలసిందే. ఆ వేసవిలో ఓ భారీ మనిషిని పడవ మీంచి రేవులోకి దింపుతుంటే ఆమె నడుములో ఏదో పుటుక్కుమంది. డిస్కు జారిందన్నారు డాక్టరుగారు. "రోజంతా బండిలో కూర్చుని తిరిగేదానివి, నీకు నడుం నొప్పేంటి?" అన్నాడు మొగుడు శ్యామ్ బాబు. డ్యూటీలో తగిలిందని ఆఫీసు ఒప్పుకుంటే వైద్యం, పరిహారం, ఆపైన కూర్చుని చేసే పని. ఒప్పుకోకపోతే ఇంటికే. ఆ 'ఇంటికే' అన్న మాటకే ఆమెకి ఊపిరాడేది కాదు.

విచారణకి ఆఫీసునించి కేశవరావుగారు వచ్చేరు. అత్తగారు బొండం కొట్టించి ఇచ్చేరు.

"అమ్మాయిగారు ఇంట్లో పనులు కూడా చేస్తారాండీ?" అన్నారాయన, బొండం తాగుతూ.

కోడలు ఉద్యోగం వెలగబెడుతూ కులుకుతోందని ఎక్కడ అనుకుంటారోనని అత్తగారి బెంగ. "చెయ్యకపోవడమేంటండీ! నీళ్లన్నీ తనే మోస్తాది. బియ్యం బస్తా ఒక్కత్తే ఈడ్చేస్తాది. పనిమనిషిని పెట్టుకునే ఇల్లు కాదండి మాది."

"అయితే బరువులు బాగానే ఎత్తుతారన్నమాట."

"ఆయ్," అన్నాడు శ్యామ్ బాబు, మహా మర్యాదగా.

కేశవరావుగారు పెన్ను తీసేరు. కృపావతికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చేయి. ఇన్నేళ్లూ ఎవరి కంటికీ ఆనని పని ఇవాళ ఎక్కణ్ణించి ఊడిపడింది ప్రభువా! చేసినన్నాళ్లూ పని కాదు, తన నోటి దగ్గర కూడు లాగెయ్యడానికి మాత్రం బ్రహ్మాండమైన పని.

"రేవులో స్ట్రెచరు..." అనబోయింది.

"నువ్వుండు, పెద్దాళ్లు మాట్లాడుతుంటే," అన్నాడు మొగుడు.

"ఇంట్లో బరువుల వల్లేనమ్మా ఇది, అంతేగా?" అడిగేరు కేశవరావుగారు.

ముగ్గురూ ఆమె ఆయ్ కోసం చూస్తున్నారు. అలవాటు చొప్పున అది నాలిక చివరికి వచ్చేసింది కూడా. మింగేసింది.

"కాదండి," అంది. "రేవులో తగిలిందండి. నాతో మోసినవాళ్లున్నారు, అడగండి. లేదూ, ఇంటిపని వల్లే నడుం పోయిందంటారా, అలాగే రాసుకోండి. కానీ నేను ఇంట్లో చేసేది పనేనని కూడా రాసి, దానికి పరిహారం ఎవరిస్తారో వీళ్లిద్దరినీ అడిగి మరీ వెళ్లండి."