చేతి సంచిని పెట్టెలో పెట్టకండి

ఓడ ప్రయాణం చేసి వచ్చిన దగ్గర్నుంచి మా వీధిలో నా పరపతి పెరిగింది. ఇస్త్రీ బండాయన, పాల దుకాణం ఆవిడ, పైవాటాలో కొత్తగా దిగిన జంట, ఎవరు పలకరించినా అదే మాట. "ఓడలో వాంతులవుతాయా పెద్దాయనా?" "గదికి కిటికీ ఉండాలా, లేకపోయినా పర్లేదా?" "చంటిపిల్లతో వెళ్లొచ్చా?" అన్నిటికీ జవాబు చెబుతాను. కానీ ముందు ఒక్క మాట చెప్పాకే మిగతావి. ఆ ఒక్క మాట ఎందుకో తెలియాలంటే ఈ కథంతా వినాలి. నేను నెమ్మదిగా మాట్లాడతాను. తొందరున్నవాళ్లు మధ్యలో లేచి వెళ్లినా ఏమీ అనుకోను.

నేను ముప్పై ఎనిమిదేళ్లు ఇళ్లు మార్పించే పని చేశాను. ఒక ఇంట్లో సామాను కట్టి, లారీకెక్కించి, ఇంకో ఇంట్లో దించడం. నాలుగో తరగతితో చదువు ఆగిపోయింది గానీ, ఇరుకు మెట్ల మీద బీరువాని ఎలా తిప్పాలో నన్ను అడగండి, కళ్లు మూసుకుని చెబుతాను. పనిలో చేరిన మొదటి రోజే మా మేస్త్రీ రెండు సూత్రాలు చెప్పాడు. ఒకటి, చేతులు ఖాళీగా ఉండాలి, చేతిలో పట్టుకున్న వస్తువునే టీ కొట్టు దగ్గర మర్చిపోతాం. రెండోది, విలువైంది మూటకి నడుమ ఉండాలి, ఆ మూట లోడుకి నడుమ ఉండాలి. ఈ రెండు సూత్రాలు పట్టుకునే అన్నేళ్లు నడిచాను. ఒక్కరి ఇంట్లో ఒక్క చెంచా పోలేదు.

మా ఆవిడ ముప్పై ఒక్కేళ్లు కాలేజీ హాస్టల్లో వంట చేసింది. పూటకి రెండు వందల మందికి. నిలబడి వండేది, నిలబడి వడ్డించేది, అందరూ చేతులు కడుక్కుని వెళ్లాక ఏ గట్టుకో ఆనుకుని నిలబడే తినేది. అప్పటికి తిండి చల్లారి కట్టెలా అయ్యేది. అదే అలవాటు ఇంటికీ వచ్చింది. ఆవిడ ఇంట్లో కూచుని తినగా నేను చూడలేదు, నేనూ ఎప్పుడూ "కూచోవే" అనలేదు. ఉన్న మాట చెప్పుకోవాలి కదా.

ఆవిడ రిటైరైన రోజు మా అమ్మాయి అడిగింది. "అమ్మా, నీకేం కావాలో చెప్పు. చీరా గొలుసూ అనకు, నిజంగా ఏం కావాలి?"

మా ఆవిడ ఆలోచించలేదు కూడా. "ఎవరో వండింది వేడివేడిగా, కూచుని తినాలి. ఒక పూట కాదు, ఒక వారం. వంటగది ఎటుందో కూడా నాకు తెలియకూడదు."

మా అమ్మాయి బస్సుల ఆఫీసులో టైంటేబుళ్లు వేస్తుంది. ఏ పనైనా గళ్లు గీసి, గంటలు వేసి చేస్తుంది. వారం రోజులు లెక్కలేసి ఓడ అని తేల్చింది. "హోటలైతే అమ్మ వెనక గుమ్మం వెతుక్కుని వంటింట్లోకి దూరుతుంది. బంధువుల ఇల్లైతే సరేసరి. ఓడలో వంటవాళ్లు రానివ్వరు, సముద్రంలోకి దూకి పారిపోనూ లేదు."

అక్కణ్నుంచి మా ఇంట్లో రోజూ సాయంత్రం అదే సభ. మా అల్లుడు కళ్లజోళ్ల షాపు నుంచి రాగానే బల్ల చుట్టూ చేరేవాళ్లం. పదహారేళ్ల మనవరాలు ఫోన్లో బొమ్మలు చూపించేది.

"ఓడ మధ్యలో, కింది అంతస్తుల్లో గది తీసుకుంటే ఊపు తక్కువట" అంది అమ్మాయి.

"అది వేరే చెప్పాలా? లారీలో అద్దాల బీరువాని ఎక్కడ పెడతాం? చక్రాల మీద కాదు, నడిమధ్యలో" అన్నాను.

"అయితే అత్తయ్య అద్దాల బీరువా అన్నమాట" అన్నాడు అల్లుడు.

"పగిలితే గుచ్చుకునేది దగ్గర్లో ఉన్నవాళ్లకే నాయనా, కొంచెం ఎడంగా కూచో" అంది మా ఆవిడ.

కిటికీ లేని గది చవక. రోజంతా పైనే తిరుగుతాం కాబట్టి చాలంది అమ్మాయి. మా ఆవిడ ఒప్పుకోలేదు. "ముప్పై ఒక్కేళ్లు పొగగొట్టం వంకే చూశాను. నాకు కిటికీ కావాల్సిందే." కిటికీ ఖాయమైంది. మనవరాలు బాల్కనీ అడిగి, ఇంటర్నెట్టు కూడా అడిగింది. ఓడలో నెట్టుకి వేరే కట్టాలని తెలిశాక వాళ్లమ్మ మొహం చూసి తనే ఊరుకుంది. తిండి టిక్కెట్టులోనే, రంగు రంగుల పానీయాలు మాత్రం కాదు. ఇవన్నీ ముందే అడిగి పెట్టుకోండి, ఎక్కాక అడిగితే జవాబు మారదు, మూడ్ మారుతుంది.

"ఒక రోజు ముందే వెళ్లి రేవు దగ్గర లాడ్జిలో పడుకుందాం" అంది అమ్మాయి. "ఓడ బస్సు లాంటిది కాదు. తప్పిపోతే అరగంటకి ఇంకోటి రాదు."

ఆ తర్వాత నాకో కాగితం ఇచ్చింది. పెద్ద పెద్ద అక్షరాలతో నాకోసమే రాసింది. "నాన్నా, పెట్టెలు రేవులోనే తీసేసుకుంటారు. గదికి వచ్చేసరికి సాయంత్రమవుతుంది. అందుకని పసుపు సంచి మాత్రం నీ చేతిలో ఉండాలి. అందులో అందరి పాస్‌పోర్టులు, టిక్కెట్లు, అమ్మ బీపీ మాత్రలు, తలా ఒక జత బట్టలు. సర్దుడు నీది. నీకంటే బాగా సర్దేవాళ్లు ఎవరున్నారు?"

ఆ చివరి మాటే నా కొంప ముంచింది.

బయల్దేరాల్సిన రోజు పొద్దున లాడ్జిలో అందరూ టీ తాగడానికి కిందికి దిగారు. విప్పిన సామానంతా నేను మళ్లీ సర్దాను. ఐదుగురి బట్టలు మూడు పెట్టెల్లో, వేలు దూరే సందు లేకుండా. పసుపు సంచి మిగిలింది. అది చేతిలో ఉండాలని అమ్మాయి చెప్పింది నాకు బాగా గుర్తుంది. మర్చిపోయానని అబద్ధం చెప్పను. కానీ సంచిని పట్టుకుని నిలబడితే ఒంటి మీద చీమలు పాకినట్టుంది. ఐదుగురి ప్రాణాలు ఒక పీలిక సంచిలో, అదీ నా చేతిలో! కొత్త చోటు, జనం, ఎక్కడో కూచుంటాను, పక్కన పెడతాను, లేచి వెళ్లిపోతాను. ముప్పై ఎనిమిదేళ్ల అనుభవం ఊరుకుంటుందా? రెండు తువ్వాళ్ల మధ్య సంచిని పెట్టి, గోధుమరంగు పెద్దపెట్టె నడిమధ్యలో దించి, మూత వేసి, పైన తాడు రెండు చుట్లు బిగించాను. అమ్మయ్య అనిపించింది.

టాక్సీలో ముందు సీటులోంచి అమ్మాయి అడిగింది. "పసుపు సంచి జాగ్రత్త నాన్నా."

"భద్రంగా ఉంది తల్లీ" అన్నాను. అంత భద్రంగా అది పుట్టాక ఎప్పుడూ లేదు.

రేవు షెడ్డు బయట హమాలీలు చక్రాల బోనుల్లో పెట్టెలు వేస్తున్నారు. మనిషెత్తు ఇనప చువ్వల బోనులు. మా పెట్టెలకి గది నంబరు చీటీలు కట్టి ఉన్నాయి. హమాలీ ఒకతను చిన్నపెట్టెలు అడుగున వేసి, మా పెద్దపెట్టె పైకెత్తబోయాడు. నేను ఊరుకోలేకపోయాను.

"బాబూ, బరువైంది అడుగున వెయ్యాలి. లేకపోతే మలుపులో బోను ఒరుగుతుంది."

"మీరూ ఈ పనే చేశారా పెద్దాయనా?"

"ముప్పై ఎనిమిదేళ్లు" అన్నాను, ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

అతను గౌరవంగా అన్నీ తీసి, మా పెట్టెని అడుగున, మూలకి నెట్టి, పైన ఇరవై పెట్టెలు పేర్చాడు. బోను లోపలికి వెళ్లిపోయింది. మేం లోపలికెళ్లి గంటకి పైగా వరసలో నించున్నాం. కౌంటరు దగ్గరికి వచ్చేసరికి రెండుంబావు.

"పాస్‌పోర్టులు" అంది కౌంటరమ్మాయి.

మా అమ్మాయి నా వైపు చెయ్యి చాపింది. నేను నా రెండు చేతులూ చూసుకున్నాను.

"సంచేది నాన్నా?"

"పెద్దపెట్టెలో. మధ్యలో పెట్టాను."

కౌంటరమ్మాయి గడియారం చూసింది. "మూడున్నరకి కౌంటరు మూసేస్తాం. పాస్‌పోర్టు లేకుండా మిమ్మల్ని ఎక్కించలేను. పెట్టె ఓడలోకి వెళ్లిపోతే ఈలోపు దొరకదు."

"అంటే మా పెట్టెలు ఎక్కుతాయి, మేం ఎక్కం" అన్నాడు అల్లుడు. "బాగుంది మామయ్యా, మన బట్టలు విహారయాత్రకి వెళ్తున్నాయి. రండి, చెయ్యి ఊపి సాగనంపుదాం."

"నాన్నా, మీరు కాసేపు జోకులాపండి" అంది మనవరాలు.

అమ్మాయి నేల మీదే కూలబడింది. "కాగితం మీద రాసిచ్చాను కదా నాన్నా."

"రాశావమ్మా. చేతిలో ఉంటే పోతుందేమోనని భయపడ్డాను. తప్పు నాదే." ఉన్న తప్పు చాలదన్నట్టు ఇంకోటి చేశాను. మా ఆవిడతో అన్నాను, "పోనీలేవే, వచ్చే ఏడాది వెళ్దాం."

అప్పటిదాకా ఆవిడ కిటికీలోంచి ఓడని చూస్తోంది. తెల్లగా, మేడల మీద మేడలు. నా వైపు తిరిగింది.

"వచ్చే ఏడాది అన్న మాట నాతో అనకు. నేనిక్కణ్నుంచి కదలను. ఇంటికి పోతే రాత్రికి వంట నాదే. నీకు తెలుసు, ఇక్కడున్న అందరికీ తెలుసు. వెళ్లి పెట్టె వెతుకు."

కౌంటరమ్మాయి ఆ మాట విని ఫోను ఎత్తింది. సామాను షెడ్డులోకి ఒక్కరిని, కాపలా మనిషితో పంపుతామన్నారు. బళ్లవాళ్లకి కనబడేలా నాకు పసుపు కోటు తొడిగారు.

షెడ్డు చూసి గుండె జారింది. అరవై బోనులు, అన్నీ ఒకేలా ఉన్నాయి. అవతలి గుమ్మంలోంచి ఒక్కొక్కటే ఓడలోకి పోతున్నాయి. ఇందాకటి హమాలీ కనిపించాడు. ముప్పై ఎనిమిదేళ్లని చెప్పుకున్న నోటితోనే, పాస్‌పోర్టులు పెట్టెలో పెట్టానని చెప్పాలి. యాభై కేజీల సిమెంటు బస్తా ఎత్తాను గానీ ఆ మాట ఎత్తడం అంతకంటే బరువైంది. చెప్పాను.

అతను నవ్వు ఆపుకోలేదు. "రోజుకొకరు ఇలా చేస్తారు పెద్దాయనా, సిగ్గుపడకండి. కాకపోతే వాళ్లెవరూ ముందు నాకు పని నేర్పలేదు."

"ఎంతైనా తిట్టు నాయనా, ముందు బోను చూపించు."

"మీ బోను నాకు గుర్తుండకేం, మీ కోసం రెండుసార్లు సర్దాను. అదిగో, గుమ్మానికి మూడోది."

మా బోనుకి ముందు రెండే ఉన్నాయి. అతను వరస ఆపించాడు, పక్కవాళ్లు కేకలేశారు, అతను అంతకంటే గట్టిగా కేకేశాడు. ఇరవై పెట్టెలు దించాలి, ఎందుకంటే మాది అడుగున, మూలన ఉంది. నేనొక పెట్టె మీద చెయ్యి వేశాను.

"ముట్టుకోకండి. నడుం పట్టేస్తే మిమ్మల్ని ఏ బోనులో వెయ్యను?"

పక్కకి జరిగి నించున్నాను. జీవితంలో మొదటిసారి వేరేవాళ్లు బరువు ఎత్తుతుంటే చూస్తూ నించున్నాను. ఒళ్లంతా చెమటలు పట్టాయి. పెట్టె వచ్చింది. ఇంక తాడు విప్పాలి. నా ముడి నాకే ఊడిరాలేదు. "కొయ్యనా?" అన్నాడు కాపలాయన. "కొయ్యండి" అన్నాను. నా ముడిని ఎవరైనా కోస్తుంటే అంతకుముందు అయితే కొట్లాటకి వెళ్లేవాణ్ని.

తువ్వాళ్ల మధ్య పసుపు సంచి ఇస్త్రీ మడత కూడా చెడకుండా ఉంది. దాన్ని గుండెకి అదుముకుని పరిగెత్తాను. డెబ్భై ఒక్కేళ్లవాడి పరుగు ఎలా ఉంటుందో అలాగే ఉంది. మూడూ ఇరవైకి కౌంటరు బల్ల మీద ఐదు పాస్‌పోర్టులు పడ్డాయి.

"ఇంకా పది నిమిషాలు మిగిలే ఉన్నాయి పెద్దాయనా" అంది కౌంటరమ్మాయి, ముద్రలు వేస్తూ.

ఎక్కాక, ఆపదొస్తే ఎక్కడ నిలబడాలో అందరికీ చూపించారు. అది ఎగ్గొట్టకండి. ఊపుకి పడనివాళ్లు డాక్టరునడిగి మాత్ర ముందే వేసుకోండి, కడుపు తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే ఆలస్యమవుతుంది. మధ్యలో ఏదైనా ఊళ్లో దిగితే ఓడ గడియారం చూసుకోండి, ఊరి గడియారం కాదు. ఇవన్నీ మా అమ్మాయి చెప్పినవే, నేను కనిపెట్టినవి కావు.

ఆ సాయంత్రం దాకా మా ఆవిడ నాతో మాట్లాడలేదు. అల్లుడితో మాట్లాడింది, మనవరాలితో నవ్వింది, కిటికీలోంచి నీళ్లు చూసింది. నా వైపు మాత్రం చూడలేదు.

భోజనాల హాల్లో కిటికీ పక్క బల్ల ఇచ్చారు. తెల్లచొక్కా మనిషి వచ్చి ఆవిడ ముందు సూపు గిన్నె పెట్టాడు. పొగలు కక్కుతోంది. పక్కన అప్పుడే పొయ్యి మీంచి దించిన రొట్టె. ఆవిడ రెండు చేతులూ గిన్నె చుట్టూ పెట్టి కాసేపు అలాగే ఉంది. చేసిన తప్పుకి ఏదో ఒక పని చెయ్యాలనిపించింది. బల్ల మీద ఉప్పు లేదు. లేచాను.

"ఎక్కడికి?"

"ఉప్పు తెస్తాను."

"కూచో" అంది. ఓడెక్కాక ఆవిడ నాతో మాట్లాడటం అదే మొదలు. "నువ్వు లేస్తే నా కాళ్లూ లేస్తాయి. ముప్పై ఏళ్లు నిలబడ్డ కాళ్లు, మాట వినవు. అవి లేచాయంటే ఇక్కడిదాకా వచ్చినదంతా వృథా. కూచోవయ్యా."

కూచున్నాను.

ఆవిడ తెల్లచొక్కా మనిషిని పిలిచింది. "కాస్త ఉప్పు తెచ్చిపెట్టు బాబూ. ఈయన లేస్తానంటాడు, లేవనివ్వకు."

అతను వెళ్లాడు. ఉప్పు వచ్చేదాకా ఆవిడ ఆగలేదు. కుర్చీ బల్లకి దగ్గరగా జరుపుకుని, వేడి ఉండగానే తినడం మొదలుపెట్టింది.