కుడితి తొట్లో మీటరు

పురిటిగది తలుపు బయటే నిలబడి జయకర్ అక్కతో మాట్లాడుతున్నాడు. పదకొండో రోజు నీళ్ళు పోసేదాకా మగవాళ్ళు ఆ గదిలో అడుగు పెట్టకూడదని తల్లి యేసమ్మ పట్టు. ఆదివారం తప్పకుండా చర్చికి పోయే ఇల్లే అయినా, ఈ పాత పట్టు మాత్రం పోలేదు.

"హైదరాబాదులో ఏం చేస్తాండావురా ఇన్నేండ్లు?" లోపలినుంచి అడిగింది సుశీల. బిడ్డ పుట్టి ఎనిమిది రోజులు.

"ఫ్యూయల్ సెల్లక్కా. హైడ్రోజన్‌తో కరెంటు పుట్టించేది. దాంట్లో ప్లాటినం ఉంటాది. కార్బన్ మోనాక్సైడ్ గాలి రవ్వంత తగిలినా దాన్ని పట్టుకోని వదలదు, పని చేయనీదు. టంగ్‌స్టన్ కార్బైడ్ పొడి మీద ప్లాటినం పూస్తే ఆ పట్టు సడలుతాది."

"మూడేండ్లు పొడి కలపనీకేనా? అమ్మ రోజూ సంగటి కలుపుతాది, ఆమెకు ఎవరిచ్చినార్రా డాక్టరేటు?"

జయకర్ నవ్వుకుంటూ స్నేహితుణ్ణి చూడటానికి వెళ్ళాడు.

ఆ రోజు ఓట్ల లెక్కింపు. తండ్రి దాసయ్య ఓడిపోతున్న పార్టీకి ఏజెంటు. ముందురోజే వెనక వీధిలో బాంబులు పడ్డాయి. అందుకే యేసమ్మ కిటికీ మూసి, సందుల్లో గోనెపట్టాలు కుక్కింది. మధ్యాహ్నం మంచం కింద కుంపటిలో కొత్త బొగ్గులు వేసి, తలుపు దగ్గరికి వేసింది. కొడుకు సంచి కూడా భద్రంగా ఉంటుందని ఆ గదిలోనే పెట్టింది.

కాసేపటికి ఆ సంచి కీమని మోగసాగింది.

సుశీల తెరిచి చూస్తే అరచేతిలో పట్టేంత పెట్టె. ఎర్ర దీపం వెలిగి ఆరుతోంది. బిడ్డను ఎత్తుకుని ఒక్క ఉదుటున పెరట్లో పడింది. "బాంబు" అన్న ఆమె కేకకు పక్కింటి అమీర్ బాషా వచ్చి, పట్టుకారుతో ఆ పెట్టెను పట్టి, బర్రెల కుడితి తొట్లో ముంచాడు. నీళ్ళలో రెండుసార్లు మోగి ఆగిపోయింది.

"బాంబు సచ్చిపాయ. లోపలికి పో తల్లీ, వీధిలో జీపులు తిరుగుతాండాయి," అన్నాడు బాషా.

సుశీల మళ్ళీ లోపలికి పోయి తలుపు గడియ పెట్టుకుంది. తల దిమ్ముగా ఉంది. భయానికేమో అనుకుంది. బిడ్డ పాలు తాగకుండా మొహం తిప్పుకున్నాడు.

జయకర్ తిరిగొచ్చి తొట్లోకి చూశాడు.

"దీన్ని ఈడ ఎవరేసినారు?"

"నేనేనప్పా. బాంబని."

"బాంబు కాదు మామా. బొగ్గులు మండితే పుట్టే కార్బన్ మోనాక్సైడ్ గాలిని కనిపెట్టే మీటరు. యాడ మోగింది?"

యేసమ్మ మూసిన తలుపు వైపు చెయ్యి చూపింది.

గడియ ఊడి తలుపు తెరుచుకోవడం సుశీలకు కనిపించింది. లేవబోతే కాళ్ళు లేవలేదు. తమ్ముడు తనను పెరట్లోకి ఈడ్చాడు. బాషా బిడ్డను తెచ్చాడు. బిడ్డ తడిగుడ్డలా వేలాడుతున్నాడు. గాలి తగిలాక ఒకసారి ఎగపోశాడు గానీ ఏడవలేదు.

"చలి సోకుతాదని కుంపటి పెట్టినా నాయనా," అంది యేసమ్మ.

"నువ్వు కలిపే ఆ పొడి..." సుశీల నాలుక తిరగలేదు.

"అది ప్లాటినానికక్కా. ఆ గాలి రక్తాన్ని గూడా అట్లే పట్టుకుంటాది, రక్తానికి మాత్రం అట్లాటి పొడి లేదు. ఆక్సిజన్ పెట్టాల. జమ్మలమడుగు ఆస్పత్రికి పోవాల."

బస్సులు పొద్దుటినుంచే లేవు. పెద్దముడియం దారిలో ఒక జీపు వస్తోంది. దానికి గెలిచిన పార్టీ జెండా.

"వద్దమ్మా, దాసయ్య కూతురని తెలిస్తే..." బాషా గోడకు జరిగాడు.

తమ్ముడి భుజం పట్టుకుని, బిడ్డతో రోడ్డు నడిమధ్యన నిలబడింది సుశీల. జీపు ఆగింది. తలకు తువ్వాలు చుట్టుకున్న మనిషి వంగి చూశాడు.

"దాసయ్య కూతురివి గదా?"

"అవునన్నా. బిడ్డ ఊపిరి సరిగా తీస్తాల్యాడు."

ఆ మనిషి బిడ్డను చూశాడు. వెనక్కి తిరిగి, రంపపు పొట్టు నింపిన బకెట్టును కాస్త జరిపి ఇద్దరికీ చోటిచ్చాడు.

"కాలు తగలనీకమ్మా. నిదానంగా కూచో."

పొట్టులో ఏముందో, నిన్న వెనక వీధిలో ఏవి పడ్డాయో సుశీలకు తెలుసు. బకెట్టుకు చెరోపక్క పాదం పెట్టి కూర్చుని, బిడ్డ మొహాన్ని ఎదురుగాలికి తిప్పింది.