చీటీలో లేని ఉప్పు

ఇంకో పదకొండు నిమిషాలు, తెర మీద గీత లేవాలంటే ఇంకో పదకొండు నిమిషాలు ఈ మనిషి నా వెనక పెన్ను టకటకలాడిస్తూనే ఉంటాడు, డాక్టర్ సెజారి, మా ల్యాబ్‌కి వచ్చి ఆరు నెలలు కాలేదు, పద్నాలుగేళ్లుగా నేను నడుపుతున్న కాలమ్‌ని నేనే పాడుచేశానంటాడు, లుద్వికా గారూ, బాణం గుర్తు చూడకుండా తలకిందులుగా బిగించినట్టున్నారు, కళ్లజోడు ఇంట్లో మరిచారా, అని పైగా నవ్వు, ఒప్పుకుంటూ సంతకం పెట్టండి, మధ్యాహ్నం డైరెక్టర్ గారికి పంపాలి, పెడితే క్రిస్మస్ లోపే నన్ను ఇంటికి పంపేస్తారు, కాలమంటే అడుగు పొడవు ఉక్కు గొట్టం, నిండా చిల్లుల పూసలు, చిన్న అణువులు ప్రతి చిల్లులోకీ వెళ్లి చూసి ఆలస్యంగా వస్తాయి, పెద్దవి ఎందులోనూ దూరకుండా ముందే బయటపడతాయి, ఈయనలాగే, ఇన్నాళ్లూ ఘాటు ద్రావకాల్లో ప్లాస్టిక్కులు కరిగించినవాడికి నీళ్ల సంగతి ఏం తెలుసు, బయట ట్రాము మూలుగుతోంది, ఇదిగో లేచింది, పరీక్షకని నేనెక్కించిన డెక్స్‌ట్రాన్, సైజు ముందే తెలిసిన చక్కెర గొలుసు, ఎప్పుడు రావాలో అప్పుడే, కాలమ్ నిక్షేపంలా ఉంది, మరి నిన్న ఈయన ఆమ్లపు పాలిమర్ ఎందుకంత ముందొచ్చింది, ఉప్పు, నీళ్లలో ఉప్పు లేకపోతే ఆ గొలుసు తనను తానే తోసుకుని ఉబ్బిపోతుంది, పెద్దదాన్నని నమ్మిస్తుంది.

కాలమ్‌కి నీళ్లందించే సీసాలోంచి ఒక్క చుక్క గాజుపలక మీద వేసి వేడి పెట్టాను, ఏంటండీ, వంటా, అన్నాడు, అవును, మీకే వడ్డిస్తాను, చుక్క చుట్టూ ఆవిరి, ఈస్టర్ నాటి పుల్లటి సూపు, నీ చేతి రుచి నాకు రాదేం వదినా అని ఏటా ఆడపడుచు వాపోవడం, అందులో నేను వేసే మార్జోరం ఆకు సంగతి ఇంతవరకు చెప్పకపోవడం, చుక్క ఆరిపోయింది, ఉప్పుంటే మిగలాల్సిన తెల్లటి మరక లేదు, ఉత్త నీళ్లు, సీసా మీద చేతిరాత ఈయనదే, దొరికావు నాయనా, డైరెక్టర్ ముందే అడుగుతాను, కాదు, ఇప్పుడే, ఈ నీళ్లు ఎవరు కలిపారండీ, నేనే, మీరు సెలవులో ఉన్నారుగా, గోడ మీద మీ చీటీ చూసి కలిపాను, అక్షరం పొల్లు పోకుండా.

నా చీటీ, పద్నాలుగేళ్ల నాటిది, అంచులు పసుపెక్కాయి, నీళ్లు రెండు లీటర్లు, బూజు పట్టకుండా ఇంత అజైడ్, వడకట్టాలి, అంతే, కింద ఒక వరస ఖాళీ, ఉప్పు అందరికీ తెలిసిందేగా అనబోయాను, ఎవరికి తెలుసు, ఎవరికి చెప్పాను, చీటీ చూపిస్తే కాలమ్ బతుకుతుంది, నేను బతకను, ఈయన పెన్ను నా ముందు పెట్టాడు, చీటీ రాసిన రోజు కూడా నా చేతిలో పెన్ను ఉంది, ఆ వరస దగ్గర ఆగింది, మూత పెట్టేశాను, మరిచిపోయి కాదు, నేను లేని రోజున ఇక్కడ ఏదీ సరిగ్గా రాకూడదని.