వేట తెరిచేదాకా చుక్కల మందు

ట్రంకుపెట్టె అడుగున ఆ కళ్ళజోడు ఇంకా ఉంది. ఎడమ పక్క సోడాబుడ్డి అడుగులాంటి అద్దం, కుడి పక్క ఖాళీ కంత. ఏటా కంటి పరీక్షకి వెళ్ళే ముందు ఆస్పత్రి కాగితాలు తీస్తుంటే అది చేతికి తగులుతుంది, రెండువేల అయిదు నాటి వేసవంతా కళ్ళ ముందుకి వచ్చేస్తుంది.

అప్పుడు మా దేవికి మూడేళ్ళు. నా కుడి కంట్లో లెన్సు పెట్టారు కాబట్టి ఆ పక్క అద్దం తీయించేశాను. పిల్ల ఆ కంతలోంచి వేలు దూర్చబోయి, "అమ్మా, కిటికీ తలుపు తీసీసేవేటి?" అని నవ్వేది. నేను ఉలిక్కిపడి దాని చెయ్యి గట్టిగా పట్టేసుకునేదాన్ని. ఆ చిన్న గోరు కంటికి తగిలితే ఏమైపోతుందో అని రోజంతా అదే దడ.

నా పవరు మైనస్ పదహారు. లేజరుతో పోయేది కాదు, లోపలే లెన్సు అమర్చాలి అన్నారు డాక్టరు గురునాథరావు గారు. ఏదో ట్రస్టు వాళ్ళు ఖర్చు పెట్టుకున్నారు. ముందు కుడి కన్ను, నెల పోయాక పరీక్షలో అంతా బాగుంటే ఎడమ కన్ను. ఆపరేషన్ రోజున రాణి సిస్టరు "పాపాయమ్మా!" అని పిలిచి, లేచి వచ్చిన నన్ను కాదని నా వెనక్కి తొంగిచూసింది.

"మామ్మగారేరీ?"

"నానేనండి పాపాయమ్మని. మా నానమ్మ పేరు పెట్టీసేరు."

మా ఆయన సింహాద్రిది ఉక్కు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని, షిఫ్టులు. మా అద్దెగదిలో నన్నూ పిల్లనీ చూసుకునేవాళ్ళు లేరు. అందుకని పట్టీ విప్పిన రోజునే జాలరిపేటలో పుట్టింటికి వచ్చేశాను. వేట నిషేధం మొదలైన వారం అది. ఏప్రిల్ మధ్య నుంచి నలభై అయిదు రోజులు మోటారు బోట్లు సముద్రంలోకి వెళ్ళకూడదు, చేపలు గుడ్లు పెట్టే కాలం. వేటకెళ్ళే మా అయ్య ఇంటి దగ్గరే ఉంటాడు, పిల్లని ఆడిస్తాడని ఆ రోజులే చూసుకున్నాను.

మా అమ్మ గంగాలమ్మ నన్ను బాలింతని చూసినట్టు చూసింది. వెల్లుల్లి కారంతో అన్నం, చెవుల్లో దూది.

"కన్ను ఆపరేసనుకి సెవుల్లో దూదేటే అమ్మా?"

"కన్నైతే ఏటి, కడుపైతే ఏటి? కోసేరా నేదా? నోరు మూసుకుని పెట్టుకో."

"అయితే ఉయ్యాల కూడా కట్టీమంతావేటే?" అన్నాడు వల బాగుచేసుకుంటున్న మా అయ్య ఎల్లారావు.

అంతవరకూ నవ్వులాటే. తప్పు చుక్కల మందు దగ్గర జరిగింది.

ఆ మందు పాలలా తెల్లగా ఉంటుంది, బాగా ఊపి వేసుకోవాలి. సిస్టరు తెలుగులోనే రాసిచ్చింది. మొదటి వారం రోజుకి ఆరుసార్లు, రెండో వారం నాలుగు, మూడో వారం రెండు, నాలుగో వారం ఒకటి, తర్వాత పూర్తిగా మానెయ్యాలి. కన్ను నలపకూడదు. తల మీంచి నీళ్ళు పోసుకోకూడదు. నెల తిరగ్గానే తప్పకుండా వచ్చి చూపించుకోవాలి. కూడబలుక్కుని చదువుకుని గోడకి అంటించాను. మూడో వారంలో చుక్కలు రెండుసార్లే వేసుకుంటుంటే అమ్మ పట్టుకుంది.

"ఏటే, మందు తగ్గించీసేవు?"

"తగ్గించమన్నారే. నెలకి మానీమన్నారు."

"ఆల్లకేటి తెల్సు? అంత సంద్రానికే నలభై అయిదు రోజులు ఇరాం ఇవ్వాలని గవుర్మెంటోడు రూలెట్టేడు. నీ కన్ను సంద్రం కన్నా గట్టిదేటి? వేట తెరిసేదాకా నాలుగుసార్లూ ఎయ్యాల్సిందే."

ఇప్పుడు నవ్వొస్తుంది గానీ అప్పుడు ఆ మాట నాకు ఎంత సబబుగా తోచిందో! మా పేటలో ఆ రోజుల్లో అన్నిటికీ అదే గడువు. బోటు అడుగు ఆరాలన్నా, విరిగిన చెయ్యి అతకాలన్నా "వేట తెరిచేసరికి" అనేవాళ్ళు. పైగా చుక్క మానితే వచ్చిన చూపు పోతుందేమోనని నా భయం నాది. సీసా అయిపోతే అమ్మే ఖాళీది పట్టుకెళ్ళి మందుల షాపులో చూపించి ఇంకోటి తెచ్చేది. నెలకి వెళ్ళాల్సిన వారంలో గంగమ్మతల్లి సంబరం పడింది. కన్ను బాగానే ఉంది కదా, వేట తెరిచాక వెళ్దాంలే అనుకున్నాను.

నిజంగానే బాగుండేది. పొద్దున్నే ఎడమ కన్ను చేత్తో మూసుకుని ఇసక మీద కూర్చునేదాన్ని. డాల్ఫిన్ నోస్ కొండ అంచు, రేవులోకి వెళ్ళడానికి ఆగిన ఓడలు, వాటి మీద తుప్పు కూడా.

చిన్నప్పుడు ఆ ఇసక మీదే మేం పిల్లలం ఒక ఆట ఆడేవాళ్ళం. తెప్పలు తిరిగొచ్చే వేళకి, దూరంగా తెరచాప కనపడగానే అది ఎవరిదో ముందు చెప్పినవాళ్ళది గెలుపు. ఒక్కో చాపకి ఒక్కో రంగు, ఒక్కో మాసిక. "అబ్బులు మావది!" "సలమయ్య తాతది!" అని అరిచేవాళ్ళు. నాకు సముద్రం, ఆకాశం, చాప అంతా ఒకటే బూడిదరంగు గుడ్డ. పక్కవాళ్ళు అన్న పేరే కాస్త ఆలస్యంగా నేనూ అరిచేదాన్ని. బడిలోనూ అదే పని. "బోర్డు కనపడుతోందా?" అని మాస్టారు అడిగితే "కనపడతందండి" అనేదాన్ని, గుడ్డిదని పేరు పెడతారని. పక్కపిల్ల పలక చూసి రాసేదాన్ని. ఆ పిల్ల రాని రోజున దొరికిపోయేదాన్ని. మొద్దు అన్నారు. అయిదో తరగతితో చదువు అయిపోయింది. కళ్ళజోడు పద్నాలుగో ఏట వచ్చింది.

అంతకు ముందు నా సంగతి కనిపెట్టింది అయ్య ఒక్కడే. ఒకరోజు నేను వేరేవాళ్ళ తెప్పకి ఎదురెళ్ళి చెయ్యి ఊపాను. అది అయ్య చూశాడు. మర్నాడు అమ్మ పెళ్ళినాటి ఎర్రచీర చింపి, తలుపంత ముక్క చాప మధ్యలో కుట్టేశాడు. "నా పెళ్ళిసీర గాలికి కట్టీసేడు!" అని అమ్మ పేటంతా చెప్పుకుంది. ఆనాటి నుంచి బూడిదరంగులో ఎర్ర మరక కదిలిందంటే అది మా అయ్య. నాకు అది చాలు. ఆ తర్వాత తెప్పలు పోయి ఫైబరు బోట్లూ మోటార్లూ వచ్చాయి. నాకు చూపు వచ్చేసరికి సముద్రం మీద చాపల్లేవు.

మే నెలాఖరులో, సాయంత్రం వీధిదీపం వెలగ్గానే దాని చుట్టూ రంగుల గుండ్రం కనపడటం మొదలైంది. కనుబొమ్మ పైన పోటు. ఎవరితోనూ అనలేదు. ఆదివారం సింహాద్రి వచ్చినప్పుడు నేను నుదురు నొక్కుకుంటుంటే చూశాడు.

"ఎండ బావా, ఇంకేటీ నేదు."

"ఎండైతే ఎండని డాట్రే సెప్తాడు. నీకూ తెల్దు, నాకూ తెల్దు. రేపు పోదారి."

ముగ్గురం వెళ్ళాం, అమ్మతో కలిసి. గురునాథరావు గారు కంట్లో చుక్క వేసి, నీలం దీపం పెట్టి, రెండుసార్లు కొలిచారు.

"కంటి లోపల ప్రెషరు ముప్పై నాలుగు ఉందమ్మా. ఇరవై ఒకటి దాటకూడదు. ఇలాగే ఉంటే నరం దెబ్బతింటుంది, అలా పోయిన చూపు మళ్ళీ రాదు. నెలకి ఎందుకు రాలేదు? తెల్లమందు ఎప్పుడు ఆపేశారు?"

"కాయితంలో సెప్పినప్పుడే ఆపీసేనండి" అన్నాను.

నా నోట్లోంచి బడిపిల్ల గొంతే వచ్చింది. బోర్డు కనపడతందండి అన్న గొంతు. అమ్మ పక్కనే ఉంది, ఆవిడ తల దించుకోకూడదని అనుకున్నానో, తిడతారని భయపడ్డానో. ఆయన మళ్ళీ చాలాసేపు కంట్లోకి చూశారు.

"మందు ఆపి రెండు వారాలైందంటే ఇది లెన్సు వల్లే అయ్యుండాలి. మీ కంటికి కొలత సరిపడలేదేమో. అలాగైతే తీసెయ్యాలి."

తీసెయ్యాలి అన్నాక నాకు ఇంకేమీ వినపడలేదు. ఆ గది గోడ మీద అక్షరాల బోర్డు ఉంది. కింద నుంచి రెండో వరస దాకా కనపడుతోంది. చిన్నప్పుడు కనపడనిది కనపడుతుందని చెప్పి చదువు పోగొట్టుకున్నాను. ఇప్పుడు ఇంకో అబద్ధానికి కన్ను కూడా ఇచ్చెయ్యనా?

"డాట్రుబాబూ, అబద్దం సెప్పేను. ఇయ్యాల పొద్దున్న కూడా ఏసుకున్నాను. రోజుకి నాలుగుసార్లు."

ఆయన ఏదో అనబోయేలోపు అమ్మ రొంటిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టింది. "దాన్నేటీ అనకండి బాబూ. నానే ఎయ్యమన్నాను, వేట తెరిసేదాకా. ఇది మూడో బుడ్డి."

"వేటేమిటమ్మా?"

సింహాద్రి నిషేధం సంగతి విడమర్చి చెప్పాడు. ఆయన సీసా పట్టుకుని వెనక్కి వాలి, గట్టిగా ఊపిరి వదిలారు.

"ఈ మందు వాపుకి మంచిదే. ఎక్కువ రోజులు వేస్తే కొందరికి ప్రెషరు పెంచేస్తుంది, మీలాంటి పెద్ద పవరు వాళ్ళకి మరీను. అందుకే వారం వారం తగ్గించమనేది. లెన్సు దాని చోటే ఉంది. ఇది ఆపేసి, ప్రెషరు దిగడానికి వేరే చుక్కలు ఇస్తాను. వారంలో దిగితే లెన్సు ఉంటుంది. మీరు చెప్పకపోతే నేను బంగారంలాంటి లెన్సు తీసేసేవాణ్ణి కదమ్మా."

ఆటో ఎక్కాం. జగదాంబ సెంటరు దాటాక అమ్మ అంది, "మీ అయ్య సీర సింపినప్పుడు కూడా నాకు తెల్దే, నీకు కనపడదని. ఆడూ సెప్పనేదు, నువ్వూ సెప్పనేదు."

"సెప్తే ఏటి సేసేదానివే?"

"రెండు సీరలిచ్చుదును."

ఆ వారం ఎలా గడిచిందో నాకే తెలుసు. పన్నెండేసి గంటలకి ఒక చుక్క, సింహాద్రి తన చేతి గడియారం విప్పి ఇచ్చి వెళ్ళాడు. వీధిదీపం వెలిగే వేళకి తల దించుకుని ఇంట్లోకి పోయేదాన్ని, రంగులు ఇంకా ఉన్నాయేమోనని. చెవుల్లో దూది అమ్మే తీసి పారేసింది. జూన్ మొదటి తారీఖున వేట తెరిచారు. బోట్లు వెళ్తుంటే చప్పుడు విన్నాను గానీ లేచి చూడలేదు.

మందు మార్చిన అయిదో రోజున ఆస్పత్రికి వెళ్ళాం. ప్రెషరు పదిహేడు. డాక్టరు గారు ఆ అంకె కాగితం మీద రాసి, చుట్టూ గీత గీసి, నా చేతికిచ్చారు. ఎడమ కంటికి తారీఖు తర్వాత చెప్తామన్నారు.

తిన్నగా ఒడ్డుకి వెళ్ళాం. బోట్లు తిరిగొచ్చే వేళ. ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని నిలబడ్డారు. వచ్చేవన్నీ ఒకేలాంటి నీలం బోట్లు. దేవిని చంకనేసుకుని, ఎడమ కన్ను చేత్తో మూసుకున్నాను. మూడో బోటు ముందు ఒక మనిషి నిలబడి ఉన్నాడు, ఎడమ భుజం కాస్త కిందకి వంచి. ఏళ్ళ తరబడి తెడ్డు వేసిన భుజం అది. చాప లేదు, ఎర్ర గుడ్డ లేదు.

"అయ్య!" అని అరిచాను. అందరికన్నా ముందు నేనే.

"ఏదే?" అంది అమ్మ.

"మూడోది. భుజం వంచి నిలబడ్నాడు, సూడు."

అమ్మ నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. కళ్ళు చికిలించింది. ఇంకాసేపు చూసింది.

"నాకేటీ కనపడ్డం నేదే" అంది మెల్లిగా. "నాలుగేళ్ళయి అన్నీ మంచులాగే ఉన్నాయి."

"మరి సెప్పవేటే? సోమవారం నిన్నూ సూపించీదారి."

"ఇప్పుడేటి, సేపలొచ్చే రోజులు. మల్లీ వేట ఆపినప్పుడు సూద్దారి."

"అమ్మా! మల్లీ వేటేనా?"

పక్కనున్న ఆడవాళ్ళు నవ్వారు. అమ్మ కూడా నవ్వి, చీరకొంగుతో కళ్ళు నలుపుకోబోయింది. నేను చెయ్యి పట్టుకున్నాను.