కోచ్ ఇంటి ముందు బోర్డు

ఫణికి దేవుడి మీద పెద్దగా భక్తి లేదు, దెయ్యమంటే భయమూ లేదు. కోచ్ హాల్‌స్టెడ్ మీద మాత్రం పట్టరాని కోపం ఉంది. ఓల్డ్ ఫెరీ యూనివర్సిటీలో ఎమ్మెస్ చేసిన రోజుల్లో అతను చదువుకన్నా శ్రద్ధగా నేర్చుకున్నది అమెరికన్ ఫుట్‌బాల్ చూడడం. ఉద్యోగం వచ్చి, అంకితతో పెళ్ళయి, ఆష్‌బర్న్‌లో దక్షిణం వాకిలి అపార్ట్‌మెంట్‌లో కాపురం పెట్టాక కూడా ఆ జబ్బు వదల్లేదు. శనివారం వచ్చిందంటే కొంగ బొమ్మ ఉన్న టోపీ పెట్టుకుని టీవీ ముందు బైఠాయిస్తాడు. ఆ యూనివర్సిటీ టీమ్ పేరు హెరాన్స్, అంటే కొంగలన్నమాట. ఆటగాళ్ళ మాటెలా ఉన్నా, గీత పక్కన చేతులు కట్టుకుని నిలబడే కోచ్ మాత్రం అచ్చం కొంగ జపమే చేస్తాడు.

ఈ ఆట తెలియనివాళ్ళకి ఒక్క ముక్క చెప్పాలి. పది గజాలు ముందుకెళ్ళడానికి నాలుగు అవకాశాలిస్తారు. మూడూ పోయాక గుండె ఉన్నవాడు నాలుగోదానికి తెగిస్తాడు. లేనివాడు బంతిని దూరంగా తన్ని అవతలివాళ్ళకి అప్పజెప్పేస్తాడు. దాన్ని పంట్ అంటారు. కోచ్ హాల్‌స్టెడ్ ఎప్పుడూ తన్నిస్తాడు. ఆ శనివారం ఆట ఆఖర్లో, జానెడు దూరం మిగిలి ఉండగా కూడా తన్నించాడు. కొంగలు ఓడిపోయాయి.

"జానెడు! మా అమ్మమ్మని పిలిచినా జానెడు ముందుకి పడుతుంది!" అని ఫణి సోఫా మీద నిలబడి అరిచాడు.

"మధ్యలో అమ్మమ్మగారినెందుకు లాగుతావ్?" అంది అంకిత వంటింట్లోంచి. ఆమె ఫోన్‌లో ఇళ్ళు చూసుకుంటోంది. తూర్పు వాకిలి ఇల్లు, మంచి స్కూల్ డిస్ట్రిక్ట్. రెండేళ్ళుగా ఆమె కోరిక అదొక్కటే. ఆఫర్ పెట్టిన ఇల్లల్లా ఎవరో ఒకరు ఎగరేసుకుపోతున్నారు.

అభిమానుల గ్రూప్‌లో ఎవరో పాత ఆచారమొకటి గుర్తుచేశారు. కోచ్ మీద ఒళ్ళు మండితే అతని ఇంటి ముందు 'ఫర్ సేల్' బోర్డు పాతుతారట. ఇల్లమ్ముకుని ఊరొదిలి పొమ్మని దానర్థం. అందరూ భేష్ అన్నారు. పిల్లి మెడలో గంట కట్టడానికి మాత్రం ఒక్కడూ కదల్లేదు. కోచ్ ఇల్లు ఫణి అపార్ట్‌మెంట్‌కి అయిదు నిమిషాల దూరం. పాలు తెస్తానని చెప్పి బయల్దేరాడు. హార్డ్‌వేర్ షాపులో బోర్డు కొన్నాడు, మసక చీకట్లో కోచ్ లాన్‌లో పాతాడు, పాలు మర్చిపోయి ఇంటికొచ్చాడు. ఆ రాత్రి కప్పు గెలిచినవాడిలా నిద్రపోయాడు.

పొద్దున్నే అంకిత దుప్పటి లాగేసింది.

"ఫణీ, లే! ఈస్ట్ ఫేసింగ్! ఛాయాదేవి ఆంటీ వాకింగ్‌లో చూశారంట. ఫర్ సేల్ బోర్డ్ పెట్టారు, కానీ దాని మీద ఫోన్ నంబర్ లేదంట. అంటే డైరెక్ట్ ఓనర్! రియల్టర్ కమీషన్ కూడా లేదు!"

"ఎక్కడ?"

ఆమె వీధి పేరు చెప్పింది. ఫణికి నిద్ర మత్తు మొత్తం దిగిపోయింది.

"ఆ ఇల్లు బాలేదు" అన్నాడు.

"నువ్వెప్పుడు చూశావ్? ఆంటీ గ్రూప్‌లో పెట్టేశారు, అందరూ బయల్దేరారు. షూస్ వేసుకో." ఫ్రిజ్ మీది సున్నుండల డబ్బా చంకలో పెట్టుకుంది. "ఓనర్‌కి ఇద్దాం. మనం గుర్తుండిపోవాలి."

వాళ్ళు వెళ్ళేసరికి కోచ్ వీధి కళ్యాణ మండపంలా ఉంది. రెండు వైపులా కార్లే. ఇల్లు చూడ్డానికొచ్చి చెప్పులతో మెట్లెక్కడం మర్యాద కాదని ఎవరో ముందు విప్పారు, వాళ్ళని చూసి అందరూ విప్పారు. వాకిట్లో బూట్లూ, చెప్పులూ, పిల్లల క్రాక్స్ గుట్టపడ్డాయి. ఊళ్ళో ఏ ఇంటికైనా వాస్తు చెప్పందే వదలని ఛాయాదేవి ఆంటీ లాన్ మధ్యలో ఫోన్‌లో దిక్సూచి పట్టుకుని గిరగిరా తిరుగుతోంది.

"ఈశాన్యం పెరిగింది, ఇంకేం కావాలి! చూడండర్రా, ఎవరూ ముందు రేటు ఎత్తకండి. ఆయన నోట్లోంచే రావాలి. ముందు మనిషిని మెచ్చుకోండి" అని అందరికీ పాఠం చెప్పి, జనాన్ని వెంటబెట్టుకుని పెరడు చూడ్డానికి వెళ్ళింది.

ఫణి చూపు మాత్రం ఇంటి మీదే ఉంది. తలుపు పక్కన కెమెరా ఉంది. నిన్న టోపీ ముఖం మీదికి లాక్కున్నాడు గానీ, ఆ టోపీ మీదే అంత పెద్ద కొంగ ఉంది, పొద్దున్న తొందర్లో మళ్ళీ అదే పెట్టుకొచ్చాడు. ఇప్పుడు కోచ్ బయటికొచ్చి ఈ బోర్డు చూస్తే కెమెరా రికార్డింగ్ తిప్పి చూస్తాడు, పోలీసులొస్తారు. వచ్చే నెల హెచ్‌వన్ వీసా స్టాంపింగ్. 'పరాయివాడి లాన్‌లో ఎందుకు దూరావు' అని వీసా ఆఫీసర్ అడిగితే ఏం చెప్తాడు, నాలుగో అవకాశం గురించా? ఒక్క ఉదుటున బోర్డు పెరికి కారు వెనక సీట్లో పడేశాడు. హమ్మయ్య అనుకున్నాడు పాపం.

పెరట్లోంచి తిరిగొచ్చిన ఆంటీ ఆగిపోయింది. "బోర్డేదర్రా? తీసేశారా? అయ్యో, ఎవరో కొనేసినట్టున్నారు!" అంటూ గబగబా మెట్లెక్కి బెల్లు మీద వేలు పెట్టి తియ్యలేదు.

తలుపు తెరుచుకుంది. ఆరడుగుల కోచ్ హాల్‌స్టెడ్ డ్రెస్సింగ్ గౌనులో, ఉబ్బిన కళ్ళతో, చేతిలో ఫోన్‌తో నిలబడ్డాడు. రాత్రి పొద్దుపోయి గరాజ్‌లోంచి లోపలికి వెళ్ళినవాడు మళ్ళీ బయటికి రాలేదు, బోర్డు చూడనేలేదు. ఇప్పుడు చూస్తున్నది వాకిటి నిండా మనుషుల్ని. ఆ తర్వాత చెప్పుల్ని చూశాడు.

"ఈ చెప్పులేమిటి?" అన్నాడు.

"గౌరవం, సర్. మీరంటే మాకు చాలా గౌరవం" అంది ఆంటీ ఇంగ్లీషులో. వెనక అందరూ తలలూపారు.

"నిన్న ఓడిపోయాక కూడానా?"

అంకిత అతన్ని చూసింది. అంత పెద్ద మనిషి ఏడుపు ఆపుకుంటుంటే ఆమెకి ఇల్లూ వాకిలీ గుర్తు రాలేదు. ముందుకెళ్ళి డబ్బా మూత తీసింది.

"తీసుకోండి, ఇంట్లో చేసినవే. నిన్న మీ ఆట గురించి మా ఆయన ఇల్లు పీకి పందిరేశాడు. మేమూ అంతేనండీ. ఆఫర్ పెట్టిన ప్రతి ఇల్లూ పోయింది. ప్రతిసారీ కార్లో కూర్చుని ఏడుస్తాను. మళ్ళీ ఆదివారం ఇంకో ఇల్లు చూస్తాను. మానేస్తే ఎలా?"

కోచ్ సున్నుండ మొత్తం ఒకేసారి నోట్లో వేసుకున్నాడు. అది నోట్లో కరిగేదాకా వీధంతా అతని దవడలకేసి చూస్తూ నిలబడింది.

"ఇప్పుడే రాజీనామా ఇద్దామని ఫోన్ తీశాను" అన్నాడు చివరికి. "నన్ను ఈ ఊళ్ళో ఒక్కడూ కోరుకోవట్లేదనుకున్నాను." అతని కళ్ళు ఫణి తల మీది కొంగ టోపీ మీద ఆగాయి. "నువ్వు అసలైన అభిమానివి. నువ్వు చెప్పు. ఉండనా, వెళ్ళిపోనా?"

ఇన్నేళ్ళుగా ఫణి టీవీతో మొత్తుకున్నది ఆ ఒక్క మాటే. 'వెళ్ళు' అంటే చాలు, కొంగల శని వదిలిపోతుంది. నోరు తెరిచాడు. కోచ్ కళ్ళలో నీళ్ళున్నాయి, తలుపు పక్కన కెమెరా నీలంగా వెలుగుతోంది, అంకిత తనవైపే చూస్తోంది.

"మీ ఇష్టం, సర్" అన్నాడు. "మీకెలా మంచిదనిపిస్తే అలా."

కోచ్ ముఖం వికసించింది. ఫణి భుజం మీద ఒక్కటి చరిచాడు.

"తెలివైనవాడివి! ఆఖరి అవకాశంలో రిస్క్ తీసుకోకూడదు. మా కుర్రాళ్ళకి నేను చెప్పేదీ అదే!"

అక్కడికక్కడే యూనివర్సిటీకి ఫోన్ చేసి వచ్చే అయిదేళ్ళూ ఉంటున్నానని చెప్పేశాడు. రేటు మాట ఎత్తే ధైర్యం ఇంకెవరికీ లేకపోయింది. అందరూ చప్పట్లు కొట్టి, చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయారు.

కార్లో డబ్బా పెట్టబోయి అంకిత వెనక సీటు చూసింది. బోర్డు కర్రకి ఇంకా గడ్డి అంటుకునే ఉంది. సిగ్నల్ దగ్గర ఆగాక అంది.

"నువ్వు వెళ్ళమనుంటే ఆయన వెళ్ళేవాడు కదా?"

"ఊఁ."

"ఇల్లు అమ్మేవాడు కదా?"

సిగ్నల్ పచ్చబడింది, ఫణి కారు ముందుకి పోనిచ్చాడు.

తర్వాతి శనివారం అంకిత ఫోన్ పక్కన పెట్టి, మొదటిసారి ఆట చూడ్డానికి సోఫాలో కూర్చుంది. ఆఖరి నిమిషం. నాలుగో అవకాశం. జానెడు దూరం. కోచ్ హాల్‌స్టెడ్ చేతులు కట్టుకునే తలతో సైగ చేశాడు, బంతి ఆకాశంలోకి లేచింది.

"తన్నేశాడు పిరికి సన్నాసి!" అని అరిచింది అంకిత.

ఆమె అరిచింది టీవీకేసి చూసి కాదు. ఫణి టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.