పదిహేడో కంప్యూటర్

కంప్యూటర్ ఆటలు తయారుచేసే స్టూడియోను మూసేస్తున్నామని దాని సొంతదారైన లండన్ ప్రచురణ సంస్థ కబురు చెప్పిన రోజున, దాన్ని నడిపే మారిట్ ఒక్కటే అడిగింది, సగంలో ఉన్న ఆటను తమకు ఇచ్చేయమని. దీవుల మధ్య ఉత్తరాలు చేరవేసే పడవ ఆట అది. స్వీడన్ ఉత్తరాన షెలెఫ్తియో ఊళ్లో పదకొండుమంది రెండేళ్లు దానిమీదే పనిచేశారు.

"మేం విడుదల చెయ్యనిది ఇంకొకళ్లకీ ఇవ్వం," అన్నాడు సంస్థ మనిషి డెస్మండ్.

బీరువాలో పడేస్తే అతనికి పోయేదేమీ లేదు. ఇచ్చేశాక ఆ ఆట బాగా ఆడితే మాత్రం పైవాళ్ల చేత చీవాట్లు తప్పవు. అతని లెక్క మారిట్‌కు అర్థమైంది. ఆమె తండ్రి నలభై ఏళ్లు సంతల్లో రెయిన్‌డీర్ తోళ్లు అమ్మాడు. అవతలివాడికి అవసరం పుట్టేదాకా నోరు విప్పకూడదని ఆ సంత దుకాణంలోనే నేర్చుకుంది. ఊరుకుంది.

తర్వాత మూసివేత పనుల జాబితా వచ్చింది. గదులు ఖాళీ చేయాలి, పదిహేడు కంప్యూటర్లనూ పూర్తిగా చెరిపేయాలి. కింద డెస్మండ్ సంతకం. ఆ ఊళ్లో ఇల్లు ఖాళీ చేసేవాళ్లు పొయ్యి వెనక గోడ కూడా కడిగితే తప్ప తాళం అప్పగించరు. ప్రోగ్రాములు రాసే టోర్కెల్ అందులో మరీ ఘనుడు. కిటికీ సందులు పళ్ల బ్రష్‌తో తోమాడు. ఒక్కో కంప్యూటర్‌నూ చెరిపి జాబితాలో టిక్కు పెట్టాడు. కోట్లు తగిలించే అరలో, బూట్ల వెనక, తొమ్మిదేళ్లుగా గుర్రుమంటున్న పదిహేడోదాన్ని కూడా వదల్లేదు.

మూడు వారాలకు డెస్మండ్ వీడియో కాల్ చేశాడు. మారిట్ తన వంటింటి బల్ల దగ్గర టోర్కెల్‌ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"పడవ ఆటకు ముందు మీరు చేసిన పాత ఆట ఉంది కదా, దాని ముక్కలన్నీ మా దగ్గరే ఉన్నాయి. కలిపి ఆడిద్దామంటే కదలట్లేదు. ఏం చేశారు?"

"కలిపే పని పదిహేడోది చేసేది," అన్నాడు టోర్కెల్, చెవులు ఎర్రబడుతుండగా. "దాన్ని చెరిపేశాను. పైన దుమ్ము కూడా తుడిచాను."

"అదెందుకు చెరిపారు మహానుభావా!"

"జాబితాలో ఉంది. మీ సంతకమూ ఉంది."

డెస్మండ్ నుదురు రుద్దుకున్నాడు. శరదృతువులో ఆ పాత ఆట కొత్తగా వచ్చిన ఆటల యంత్రం మీదికి వస్తోందని సంస్థ అప్పటికే ఊరంతా చాటేసింది.

"మళ్లీ కట్టగలరా?"

"దానికేముంది, మూడు..." అనబోయాడు టోర్కెల్. బల్ల కింద మారిట్ అతని కాలు తన్నింది.

"కట్టగలడు. తను తప్ప ఇంకెవరూ కట్టలేరు," అంది మారిట్.

"సరే, గంటకెంతో చెప్పండి."

"డబ్బొద్దు. పడవ ఆట ఇవ్వండి."

"అది కుదరదని ముందే చెప్పాను."

"చెప్పారు. అప్పుడు మీకు మాతో పని లేదు."

"బెదిరిస్తున్నారా?"

"అయ్యో, లేదండీ. జాబితా మీరిచ్చారు, ఒక్కటీ వదలకుండా చేశాం. ఇప్పుడు కొత్త పని అడిగారు, ధర చెప్పాను. ఆట అమ్ముడైతే నూటికి ఎనిమిది మీకు. మీ పైవాళ్లకి చూపించడానికి మీకూ ఏదో ఒకటి ఉండాలిగా."

డెస్మండ్ కాగితం మీద లెక్క వేసుకున్నాడు. "పది చెయ్యండి."

"ఎనిమిదే. కిటికీలు తోమినందుకు ఏమీ తీసుకోలేదు మేము."

అతనికి నవ్వు ఆగలేదు.

కాల్ అయిన వెంటనే టోర్కెల్ గొణిగాడు. "మూడు వారాల పనేగా, అంత గట్టిగా తన్నాలా?"

"నువ్వు మూడు రోజులంటావేమోనని భయపడ్డాను."

నాలుగు రోజుల్లో ఒప్పందం వచ్చింది. అప్పటికే పదకొండుమందిలో నలుగురికి వేరే ఉద్యోగాలు దొరికాయి. మిగతా ఏడుగురూ స్కీలు బాగుచేసే దుకాణం పైన గది తీసుకున్నారు. ఈసారి కలిపే పద్ధతంతా టోర్కెల్ నోటుపుస్తకంలో రాసిపెట్టాడు. అక్కడా కోట్ల అరలోనే పెట్టిన కొత్త కంప్యూటర్ మీద పెద్ద అక్షరాలతో కాగితం అంటించాడు. "దుమ్ము తుడవండి. ఇంకేమీ చెయ్యకండి."

"ముందు నువ్వు చదువుకో," అంది మారిట్.

అరలోంచి గుర్రుమనే చప్పుడు మొదలైంది. తెరమీద పడవ ఒకసారి ఊగి, ఉత్తరాల సంచితో రేవు వదిలింది.