వదిలేసినవాటి జాబితా

నేను ఒక ప్రోగ్రాంని. ముప్పై ఏడు వరుసలుంటాను, అంతే. చేత్తో పట్టుకోవడానికి రాను, అటకమీద పడేయడానికీ రాను. విశాఖపట్నంలో ఒక క్యాన్సర్ ఆసుపత్రి కంప్యూటర్లలో మూడేళ్లు ఒళ్లు దాచుకోకుండా పనిచేశాను. ఇప్పుడు ‘పాతవి’ అని పేరు పెట్టిన ఒక మూలలో పడి ఉన్నాను. ఒళ్లు మండిపోతోంది కాబట్టి మాటల్లో మర్యాద తగ్గితే సర్దుకోండి.

ముందు నా పనేమిటో చెప్పాలి. ఆసుపత్రి సరుకు, అంటే ఎక్స్‌రేలు, రక్తపరీక్షల రిపోర్టులు, రోగుల వివరాలు, ఆసుపత్రిలో ఉండవు. క్లౌడ్ అంటారు చూడండి, ఎక్కడో అద్దెకు తీసుకున్న గదుల్లాంటి చోట ఉంటాయి. ఆ గది పోయినా సరుకు దక్కాలంటే వేరేచోట నకలుండాలి. ఏ గదికి నకలు తీయాలో, దేన్ని వదిలేయాలో రోజూ మధ్యాహ్నం ఓపీ ఖాళీ అయ్యాక ఎంచేది నేను. లోపలేముందో నాకు కనబడదు. తలుపుమీద అంటించిన చీటీ మాత్రమే కనబడుతుంది. అది చదివి ముందుకు పోతాను.

నన్ను రాసింది ప్రణీత. కంప్యూటర్ సెక్షన్‌లో అప్పుడు ఆమే ఇన్‌ఛార్జి. ఒక్క వరుస రాయకముందే వార్డు వార్డూ తిరిగి, “మీ దగ్గర పోతే మళ్లీ రానిదేంటండీ?” అని అడిగింది. ల్యాబులో ఒకాయన “మా టీ ఫ్లాస్కు” అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, మళ్లీ అదే ప్రశ్న అడిగింది. తిరగడం పూర్తయ్యాక నాకొక నియమం పెట్టింది: అన్నిటినీ తీసుకో, వద్దని ఎవరైనా కారణం రాసి ఇస్తేనే వదిలెయ్. ఆఖర్న ఇంకొక పని అప్పగించింది. ఆ రోజు ఏం వదిలేశానో, ఎందుకు వదిలేశానో, ఆ చీటీ పెట్టిందెవరో రాసి ఇన్‌ఛార్జికి రోజూ ఒక ఉత్తరం పంపాలి.

“తీసుకున్నవాటి గురించి ఎవరైనా చెప్తారు. వదిలేసినవాటి గురించి నువ్వు చెప్పాలి” అంది తెర వైపు చూసి. ప్రోగ్రాములతో మాట్లాడే పిచ్చి ఆ పిల్లకి ఉండేది. ఏడాది తిరక్కుండానే వేరే ఉద్యోగం వచ్చి వెళ్లిపోయింది.

ఆమె స్థానంలో ఉదయభాస్కర్ వచ్చాడు. చెడ్డవాడు కాడు, అదే నా కడుపుమంట. చెడ్డవాడైతే హాయిగా తిట్టుకునేదాన్ని. అడిగినవాళ్లకి కాదనలేడు. నకళ్లు తీస్తున్నంతసేపూ ఎక్స్‌రేలు ఆలస్యంగా తెరుచుకుంటున్నాయని డాక్టర్లు విసుక్కుంటే, నాలో రెండు వరుసలు చేర్చాడు: ‘టెంపరరీ’ అన్న చీటీ ఉంటే వదిలెయ్. డాక్టర్లు సంతోషించారు. నేను చెప్పింది చేశాను.

ఇక్కడ ఆ ఆసుపత్రి మర్యాదొకటి చెప్పాలి. క్లౌడ్‌లో శాశ్వతంగా జాగా కావాలంటే మూడు సంతకాలు కావాలి. టెంపరరీకి ఒక్కటీ అక్కర్లేదు. ఇక శాశ్వతమని ఎవరడుగుతారు? పుట్టిన ప్రతి గదికీ టెంపరరీ అనే అంటించి, ఏళ్ల తరబడి అందులోనే కాపురం చేశారు.

అలాంటి గదే రోజారాణిది, పేరు ‘గొంతుల గది’. ఆమె స్పీచ్ థెరపిస్టు. గొంతు క్యాన్సర్‌కి స్వరపేటిక తీసేయాల్సిన రోగుల చేత ఆపరేషన్‌కి ముందే గంటలకొద్దీ మాట్లాడించి రికార్డు చేస్తుంది. తర్వాత అరచేతిలో పట్టే ఒక పెట్టె వాళ్ల సొంత గొంతుతోనే వాళ్ల మాటలు పలుకుతుంది. ఆమె మొదటి రోగి గరికిన దానమ్మ. ఫిషింగ్ హార్బర్‌లో ముప్పై ఏళ్లుగా చేపల వేలం పాడే, అంటే ధరలు అరిచి వేలం నడిపే మనిషి. చుట్టని నిప్పు లోపలికి పెట్టుకుని అడ్డపొగ తాగే అలవాటు ఆమె గొంతు మీదికి తెచ్చింది. రోజారాణి “నీళ్లు కావాలి, నొప్పిగా ఉంది” లాంటి మాటలు రాసి తెస్తే దానమ్మ కాగితం పక్కన పెట్టేసిందట.

“నీల్లడగడానికి గొంతెందుకమ్మా? సెయ్యి సూపితే ఇత్తారు. రేపు రేవులో పాట ఎవులు పాడతారు? అది పట్టు ముందు.”

మూడు రోజులు పాడింది. వంజరం, చందువ, కానాగంతలు, కవళ్లు అంటూ ఒక్కో చేపకీ ఒక్కో పాట. కసుర్లు, బేరాలు, నవ్వులు, చివర్న గంప అంచుమీద అరచేత్తో మూడు దెబ్బలు. ఆ దెబ్బలు పడితే వేలం ముగిసినట్టే, ఇక రేవులో ఏ కొమ్ముతిరిగిన షావుకారైనా నోరు మూసుకోవాల్సిందే. గురువారం ఆపరేషన్. రికార్డర్‌ని ఖాళీ చేసి తర్వాతి రోగికి వాడాలి. పాటని ఎక్కడ దాచాలని రోజారాణి ఉదయభాస్కర్ దగ్గరికి పరుగెత్తింది.

“టెంపరరీ అని పెట్టేస్తాను మేడమ్, ఎవరి సంతకం అక్కర్లేదు. ఫైలు పాసయ్యాక మార్చేద్దాం. క్లౌడ్‌లో పడ్డాక ఇంక పోవడమంటూ ఉండదు” అన్నాడు.

మరునాడు మధ్యాహ్నం ఆ తలుపు ముందుకొచ్చాను. చీటీ చదివాను. వదిలేశాను. వదిలేశానని ఉత్తరం రాశాను. ఆ మర్నాడూ అంతే. పెట్టెకి కావాల్సిన అనుమతీ, గదిని శాశ్వతం చేసే అనుమతీ ఒకే ఫైల్లో, అవే మూడు సంతకాల కోసం బల్లలు మారుతూ తిరిగాయి. దానమ్మ కోలుకుంది, మెడకి గుడ్డ కట్టుకుని నెలనెలా వచ్చి పెట్టె ఏదని సైగలతో అడిగి వెళ్లింది. నేను రోజూ రాశాను. ఉదయభాస్కర్ నా ఉత్తరాలు వచ్చినవి వచ్చినట్టు ఒక పక్కకి పోయేలా ఏర్పాటు చేసుకున్నాడు. వాటిలో ఒక్కటీ తెరవలేదు.

పదమూడు నెలలకి ఫైలు పాసైంది. సరిగ్గా దానికి వారం ముందు ఆసుపత్రికి తనిఖీ వాళ్లొస్తున్నారని, అంతా శుభ్రంగా కనబడాలని, ఏడాది దాటిన టెంపరరీ గదులన్నిటినీ ఉదయభాస్కర్ ఒక్క దెబ్బతో తుడిచేశాడు. “పోతే పోయింది, నకళ్లున్నాయిగా” అనుకున్నాడట. ఏ నకళ్లు నాయనా? వద్దన్నది నువ్వే కదా!

రోజారాణి పెట్టెతో సహా వచ్చి గది తెరవమంటే, గది లేదు. నకళ్లలో వెతికాడు, లేదు. సూపరింటెండెంట్ గారికి ఒక కాగితం రాశాడు. ‘ఆటోమేటిక్ ఎంపిక ప్రోగ్రాం వైఫల్యం వల్ల’ అని. నా వైఫల్యం! నోరుంటే ఆ రోజు ఆసుపత్రి పైకప్పు లేచిపోయేలా అరిచేదాన్ని.

సూపరింటెండెంట్ సరళ గారు అందర్నీ తన గదికి పిలిచారు. దానమ్మ కూడా వచ్చి కూర్చుంది. ఉదయభాస్కర్ కాగితం చదివి వినిపించాడు. “కంప్యూటర్ కదా మేడమ్, ఒక్కోసారి ఇలా అవుతుంటాయి” అని ముగించాడు.

రోజారాణి ఊరుకోలేదు. “ఆ ప్రోగ్రాం రోజూ ఏం చేసిందో ఎక్కడా రాసుకోదా సార్?”

“రాస్తుందనుకుంటా” అన్నాడు.

“అయితే తెరవండి” అన్నారు సరళ గారు.

తెరిచాడు. గొంతుల గది పేరున్నవే మూడువందల ఎనభై తొమ్మిది ఉత్తరాలు, చిరగని కవర్లలా బారులు తీరి ఉన్నాయి. ఒకదాంట్లో ఆ గది గురించిన వరుసలు సరళ గారు పైకి చదివారు. “ఈ రోజు వదిలేసినవి: గొంతుల గది. కారణం: టెంపరరీ చీటీ. చీటీ పెట్టినవారు: ఉదయభాస్కర్.” ఇంకొకటి తెరిపించారు. అదే. ఇంకొకటి. అదే. నాలుగోది తెరవబోతుంటే ఉదయభాస్కర్ చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది.

దానమ్మకి చదువు రాదు. రోజారాణి ఆమె చెవిలో మెల్లగా చెప్పింది: ఇది రోజూ చెప్పిందమ్మా, ఎవరూ వినలేదు. దానమ్మ తెర వైపు చూసింది. తర్వాత ఉదయభాస్కర్ వైపు తిరిగింది. లేచి నిలబడింది. అరచెయ్యి ఎత్తి సూపరింటెండెంట్ బల్లమీద కొట్టింది. ఒకటి. ఆగింది. రెండు. మళ్లీ ఆగింది, రేవులో ధర పెంచేవాడి కోసం ఆగినట్టు. మూడు.

సరళ గారు ఆ కాగితం మీద నా పేరు కొట్టేసి, అక్కడ ఉదయభాస్కర్ పేరు ఆయన చేతే రాయించారు. కింద ఫైలు ఆపినవాళ్ల మూడు పేర్లూ చేర్చారు. ఆ మూడింటిలో మొదటిది ఆవిడదే. తర్వాత కొత్త ప్రోగ్రాం తెచ్చారు, నన్ను ఈ మూలకి పంపారు. అది ఏమేం తీసుకుందో మహా అందంగా, ఆకుపచ్చ రంగులో చూపిస్తుందట. వదిలేసినవి అడిగితే చెబుతుందట. అడగాలి మరి!

నా తప్పు లేదని తేలింది. దాన్ని నేనేం చేసుకోను? దానమ్మ ఇప్పుడూ రోజూ హార్బర్‌కి వెళ్తుందని రోజారాణి అంటుంటే కంప్యూటర్ సెక్షన్ వాళ్లు విన్నారట. వేలం వేరెవరో పాడతారు. చివర్న గంప మీద మూడు దెబ్బలు మాత్రం ఆమె కొడుతుంది.